ఒక్క కెమెరాతో దూరాన్ని మీటర్లలో కొలవడం: కారు కెమెరాకి న్యూరల్ నెట్‌వర్క్ నేర్పే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

మా కారు కెమెరా వీడియోని మొదటిసారి డెప్త్ నెట్‌వర్క్‌లో (బొమ్మలో ప్రతి పిక్సెల్ ఎంత దూరంలో ఉందో ఊహించే న్యూరల్ నెట్‌వర్క్) వేసి చూసిన రోజు గదిలో అందరం లేచి నిలబడ్డాం. దగ్గరి ఆటో పసుపు రంగులో, దాని వెనక బస్సు నారింజలో, చివరనున్న ఫ్లైఓవర్ ఊదా రంగులో, అంచులతో సహా విడివిడిగా కనిపించాయి. మర్నాడు ఖాళీ స్థలంలో టేపు పరిచి 20 మీటర్ల దగ్గర బైకు నిలబెట్టి చూస్తే, నెట్‌వర్క్ చెప్పిన దూరం అందుకు చాలా తేడాగా ఉంది. రంగులు చూసి మురిసిపోయాం. కానీ హెచ్చరిక మోగాలా వద్దా అని తేల్చాల్సింది మీటర్లలో వచ్చే అంకె. ఆ అంకెను నమ్మదగ్గదిగా ఎలా చేసుకోవాలో ఇక్కడ వరసగా చెబుతాను.

పైథాన్, పైటార్చ్ కాస్త వచ్చిన వాళ్లకి ఇది సరిపోతుంది. కావలసినవి: ఒక కెమెరా, జీపీయూ ఉన్న కంప్యూటర్, 50 మీటర్ల టేపు, ఒక కారు. ఒక మాట ముందే చెప్పాలి. ఈ పద్ధతితో చేసుకునేది డ్రైవర్‌ని హెచ్చరించే వ్యవస్థ. దీన్ని బ్రేకులకు కలపకండి. దానికి రాడార్ లాంటి రెండో ఆధారం, ఏళ్ల తరబడి పరీక్షలు కావాలి.

ఒక కెమెరానా, రెండా?

రెండు కెమెరాలు పక్కపక్కన పెడితే ఒకే వస్తువు రెండు బొమ్మల్లో కాస్త వేర్వేరు చోట్ల పడుతుంది. ఆ తేడా నుంచి దూరం వస్తుంది: ఫోకల్ లెంగ్త్‌ని (లెన్స్ వస్తువుని ఎంత పెద్దగా చూపుతుందో చెప్పే అంకె, ఇక్కడ పిక్సెళ్లలో) రెండు కెమెరాల మధ్య ఎడంతో గుణించి, తేడాతో భాగించాలి. జర్మనీలోని కార్ల్స్‌రూహె నగరంలో తీసి 2012లో విడుదల చేసిన కిట్టి అనే రోడ్డు వీడియోల డేటాసెట్‌నే తీసుకోండి. అందులో కెమెరాల ఎడం దాదాపు 54 సెంటీమీటర్లు, ఫోకల్ లెంగ్త్ దాదాపు 721 పిక్సెళ్లు. గుణిస్తే సుమారు 389. అంటే 10 మీటర్ల దూరంలోని కారుకి తేడా 39 పిక్సెళ్లు, 40 మీటర్లకి పదికి లోపు, 80 మీటర్లకి ఐదుకి లోపు. 40 మీటర్ల దగ్గర ఒక్క పిక్సెల్ పొరపాటు పడితే దూరం నాలుగు మీటర్లు అటో ఇటో అవుతుంది. 80 దగ్గర అదే పొరపాటుతో అంకె 100కి వెళ్లిపోతుంది.

రెండు కెమెరాల పద్ధతి కొత్తదేం కాదు. సుబారు తన ఐసైట్ వ్యవస్థను జపాన్‌లో 2008లోనే ఇలా తెచ్చింది. ఇందులో న్యూరల్ నెట్‌వర్క్ చేసే పని, ఎడమ బొమ్మలోని ఏ చుక్క కుడి బొమ్మలోని ఏ చుక్కో జత కలపడం. సున్నం వేసిన ఖాళీ గోడ, తడి రోడ్డు, లారీ వెనక టార్పాలిన్ లాంటి చోట్ల పాత పద్ధతులు తికమకపడతాయి. 2018లో వచ్చిన పీఎస్‌ఎమ్‌నెట్, 2021లో వచ్చిన రాఫ్ట్ స్టీరియో లాంటి నెట్‌వర్క్‌లు అక్కడ చాలా మెరుగు. అయితే ఆ రెండు కెమెరాలూ వెంట్రుకవాసి కూడా కదలకుండా ఒకే గట్టి పట్టీ మీద ఉండాలి, రెండూ సరిగ్గా ఒకే క్షణంలో బొమ్మ తీయాలి. ఎండకి వేడెక్కే మన కారు అద్దం వెనక, రోజుకి పాతిక స్పీడ్ బ్రేకర్ల మీద, దీన్ని నిలబెట్టడం కష్టం. బడ్జెట్, మంచి ఫిట్టర్ ఉంటే రెండు కెమెరాలకే వెళ్లండి. ఇక్కడి నుంచి నేను చెప్పేది ఒక్క కెమెరా దారి.

ఒక్క బొమ్మ నుంచి నెట్‌వర్క్‌కి దూరం ఎలా తెలుస్తుంది? వస్తువు పెద్దగా కనిపిస్తే దగ్గర, చిన్నగా కనిపిస్తే దూరం అని చూస్తుందని చాలామంది అనుకుంటారు. 2019లో నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలాంటి నెట్‌వర్క్‌ని పరీక్షించి, అది ముఖ్యంగా చూసేది వస్తువు బొమ్మలో ఎంత ఎత్తున ఉందన్నదేనని తేల్చారు. వస్తువు నేలను తాకే చోటు, అంటే టైరు కింది అంచు, బొమ్మలో కిందికి ఉంటే దగ్గర, దిగంతరేఖ వైపు పైకి ఉంటే దూరం. రోడ్డు చదునుగా ఉందనుకుంటే ఈ లెక్క మనమూ వేయొచ్చు:

దూరం = ఫోకల్ లెంగ్త్ × కెమెరా ఎత్తు ÷ దిగంతరేఖ నుంచి టైరు అంచు దాకా ఉన్న పిక్సెళ్లు

కెమెరా 1.3 మీటర్ల ఎత్తున ఉండి, ఫోకల్ లెంగ్త్ 1000 పిక్సెళ్లయితే, దిగంతరేఖకి 65 పిక్సెళ్ల కింద ఉన్న టైరు 20 మీటర్ల దూరంలో ఉన్నట్టు. ఈ సూత్రాన్ని ఓ కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. చివరి దాకా ఇదే పనికొస్తుంది.

కెమెరా బిగించడం

రియర్ వ్యూ అద్దం వెనక, వైపర్ తుడిచే మేర లోపల, కారు మధ్యగీత మీద బిగించండి. నేల నుంచి లెన్స్ దాకా ఎత్తుని టేపుతో కొలిచి రాసుకోండి. రబ్బరు కప్పుతో అంటించే స్టాండు వద్దు. ఎండకి జారుతుంది.

ఆటోఫోకస్ ఆపేయండి, ఎందుకంటే ఫోకస్ మారితే ఫోకల్ లెంగ్త్ కూడా కొద్దిగా మారుతుంది. వీడియో స్టెబిలైజేషన్ తప్పనిసరిగా ఆపేయాలి. ఫోన్‌తో రికార్డు చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కుదుపు తెలియకుండా ఫోన్ ప్రతి ఫ్రేమునీ లోపలే జరిపేస్తుంది, దాంతో మన లెక్కలన్నీ అబద్ధాలవుతాయి. దొరికితే బొమ్మ మొత్తాన్నీ ఒకే క్షణంలో తీసే గ్లోబల్ షటర్ కెమెరా కొనండి. మామూలు కెమెరా వరసల వారీగా బొమ్మ తీస్తుంది కాబట్టి పక్కగా దూసుకెళ్లే బైకు ఒంగిపోయినట్టు వస్తుంది. రాత్రిపూట ఎక్స్‌పోజర్ సమయానికి హద్దు పెట్టండి. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో 10 మిల్లీసెకండ్లు షటర్ తెరిచి ఉంటే కారు ఆలోపే 17 సెంటీమీటర్లు కదిలిపోతుంది.

క్యాలిబ్రేషన్

క్యాలిబ్రేషన్ అంటే మన కెమెరా, లెన్స్ అసలు కొలతలు కనుక్కోవడం. చదరంగం గళ్ల బొమ్మను ఏ3 కాగితం మీద ప్రింట్ తీసి, చదునైన అద్దం ముక్కకో ఫ్లోర్ టైల్‌కో ముడతల్లేకుండా అంటించండి. అట్టకి అంటిస్తే వంగుతుంది, ఆ వంపు అంతా లెన్స్ లోపంగా లెక్కలోకి ఎక్కుతుంది. ప్రింట్ అయ్యాక గడి కొలతను స్కేలుతో మళ్లీ చూడండి. ప్రింటర్లు చాలాసార్లు బొమ్మను కాస్త కుదిస్తాయి.

కెమెరాను కారులో బిగించాకే, ముందు అద్దం గుండానే ఈ పని చేయాలి, ఎందుకంటే అద్దం కూడా కాంతిని వంచుతుంది. ఒకరు కారు ముందు నిలబడి బోర్డుని వేర్వేరు దూరాల్లో, వేర్వేరు వాలుల్లో, ముఖ్యంగా బొమ్మ నాలుగు మూలల్లోకీ వచ్చేలా చూపించాలి. నలభై యాభై ఫొటోలు చాలు. ఓపెన్‌సీవీ అనే బొమ్మల లైబ్రరీలో ఉన్న క్యాలిబ్రేషన్ ఫంక్షన్‌కి ఇస్తే ఫోకల్ లెంగ్త్, కేంద్ర బిందువు (లెన్స్ నడిమి గీత బొమ్మని తాకే చోటు), లెన్స్ వంపు వస్తాయి. సగటు పొరపాటు అర పిక్సెల్‌కి మించితే మసగ్గా వచ్చిన ఫొటోలు తీసేసి మళ్లీ చేయండి. 1280 పిక్సెళ్ల వెడల్పుతో, సుమారు 65 డిగ్రీల మేర చూసే లెన్స్‌కి ఫోకల్ లెంగ్త్ దాదాపు 1000 రావాలి. 600 అనో 1700 అనో వస్తే ఎక్కడో తప్పు జరిగింది.

తర్వాత దిగంతరేఖ. నేరుగా ఉన్న రోడ్డు మీద రెండు పక్కల గీతలనీ పొడిగిస్తే అవి కలిసే చోటు ఏ ఎత్తున ఉందో చూడండి. పది చోట్ల చూసి మధ్యస్థం తీసుకోండి.

ఇక్కడ ఒక పొరపాటు పదేపదే చూస్తుంటాను. ట్రైనింగ్ కోసం బొమ్మను 1280 నుంచి 640కి తగ్గించినప్పుడు ఫోకల్ లెంగ్త్ కూడా సగమై 500 అవుతుంది. పైన ఆకాశం, కింద బానెట్ కత్తిరిస్తే కేంద్ర బిందువు కూడా జరుగుతుంది. కోడ్‌లో ఈ రెండూ మార్చకపోతే ట్రైనింగ్ ఆగదు, ఎర్రర్ కూడా రాదు. దూరాలు మాత్రం నిశ్శబ్దంగా తప్పుతాయి.

సిద్ధంగా ఉన్న మోడల్‌తో మొదటి పరీక్ష

సొంతంగా నేర్పే ముందు 2024లో వచ్చిన డెప్త్ ఎనీథింగ్ అనే సిద్ధంగా ఉన్న డెప్త్ నెట్‌వర్క్ రెండో వెర్షన్‌ని మీ వీడియో మీద నడిపి చూడండి. చిన్న మోడల్‌కి అపాచీ లైసెన్సు ఉంది. పెద్దవాటిని వ్యాపారానికి వాడకూడదు, కంపెనీలో పనిచేసేవాళ్లు ఇది గమనించాలి. ఇది మామూలుగా ఇచ్చేది మీటర్లు కాదు, ఏది ముందు ఏది వెనక అన్న వరస. ఆ వరసలో మాత్రం చాలా గట్టిది. మీటర్లలో చెప్పే రకాలూ ఉన్నాయి కానీ అవి వేరే కెమెరాల మీద నేర్చుకున్నవి, మీ లెన్స్‌కి మారగానే కొలబద్ద తప్పుతుంది.

మన పనిలో దీన్ని గురువుగా వాడుకుందాం. వరస అది చెబుతుంది, మీటర్లు మనం నేర్పుతాం.

డేటా

ఒక్క కెమెరా వీడియోతోనే దూరం నేర్చుకునే మోనోడెప్త్2 అనే ప్రసిద్ధ నెట్‌వర్క్‌కి 2019లో కిట్టి నుంచి వాడిన ట్రైనింగ్ ఫ్రేములు 39,810. సెకనుకి పది ఫ్రేముల లెక్కన ఇది దాదాపు గంటా ఆరు నిమిషాల వీడియో. చూడ్డానికి కొంచెమే. అందుకే డేటా ఎక్కువ లేదని వెనకాడక్కర్లేదు, రకాలు ఉన్నాయా లేదా అన్నదే చూసుకోండి. పొద్దున, మిట్టమధ్యాహ్నం, సాయంత్రం ఎదురెండ, వాన, రాత్రి. ఔటర్ రింగు రోడ్డు, బజారు వీధి, గతుకుల రోడ్డు, ఘాట్ రోడ్డు.

మన రోడ్లకీ కార్ల్స్‌రూహెకీ ఉన్న తేడా పెద్దది. అక్కడి డేటాలో ఆటోలు లేవు, ఇనుప చువ్వలు వెనక్కి పొడుచుకొచ్చిన ట్రాలీలు లేవు, రోడ్డు మధ్యలో తీరిగ్గా నిలబడ్డ ఆవులు లేవు. మన హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ విడుదల చేసిన ఇండియా డ్రైవింగ్ డేటాసెట్ ఇందుకే విలువైనది. హైదరాబాద్, బెంగళూరు, వాటి శివార్లలో 182 ప్రయాణాల నుంచి ఏరిన 10,000 బొమ్మలకి 34 వర్గాలుగా గుర్తులు వేశారు. అందులో దూరాల కొలతలు ఉండవు. ఏ వస్తువు ఏదో నేర్పడానికి, పరీక్షకి బొమ్మలు ఎంచుకోవడానికి మాత్రం బాగా పనికొస్తుంది.

ఫ్రేములని గడియారం చూసి కాక, కారు కదిలిన దూరం చూసి ఏరండి. ట్రాఫిక్‌లో గంటకి 10 కిలోమీటర్ల వేగంతో పాకుతుంటే, సెకనుకి పది ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేముకి 28 సెంటీమీటర్లే కదులుతాం. పక్కపక్క ఫ్రేముల్లో తేడా లేకపోతే నేర్చుకోవడానికి ఏమీ ఉండదు. సుమారు మీటరు కదిలినప్పుడల్లా ఒక ఫ్రేము తీసుకోండి, కానీ రెండు ఫ్రేముల మధ్య 0.3 సెకనుకి మించనివ్వకండి, లేకపోతే పక్కవాళ్లు ఎక్కువ జరిగిపోతారు. సిగ్నల్ దగ్గర ఆగిన ఫ్రేములన్నీ తీసేయండి. ముఖాలు, నంబరు ప్లేట్లు మసక చేసి దాచండి. ఆ మనుషులు మన ప్రయోగానికి ఒప్పుకున్నవాళ్లు కాదు.

ప్రతి ఫ్రేముకీ కారు వేగం కూడా కావాలి. ఓబీడీ పోర్టులో (మెకానిక్‌లు కారు కంప్యూటర్‌ని చదివే సాకెట్) పెట్టే చిన్న అడాప్టర్ నుంచి తీసుకోండి. మీటర్ ముల్లు చూపే వేగాన్ని నమ్మొద్దు, అసలు వేగం కంటే కాస్త ఎక్కువే చూపేలా దాన్ని తయారుచేస్తారు. ఓబీడీ వేగాన్ని, ఖాళీ రోడ్డు మీద ఒకే వేగంతో వెళ్తూ జీపీఎస్ వేగంతో ఒకసారి పోల్చి సవరించుకోండి. వీడియోకీ వేగం రీడింగులకీ సమయం కలిసిందో లేదో, కారు ఆగే క్షణాల దగ్గర చూస్తే తెలిసిపోతుంది.

ట్రైనింగ్

దూరాలు కొలిచి చెప్పేవాళ్లెవరూ లేకుండా నెట్‌వర్క్ దూరం నేర్చుకోవడం ఇందులో నాకు ఇప్పటికీ అబ్బురంగా అనిపించే విషయం. రెండు నెట్‌వర్క్‌లు కలిసి పనిచేస్తాయి. ఒకటి ఇప్పటి ఫ్రేము చూసి ప్రతి పిక్సెల్‌కీ దూరం ఊహిస్తుంది. రెండోది రెండు ఫ్రేములు చూసి కారు ఎటు ఎంత కదిలిందో ఊహిస్తుంది. ఈ రెండు ఊహలూ నిజమైతే, తర్వాతి ఫ్రేములోని పిక్సెళ్లని తెచ్చి ఇప్పటి ఫ్రేముని మళ్లీ గీయగలగాలి. గీసిన బొమ్మకీ అసలు బొమ్మకీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ ఊహ తప్పు. ఆ తేడా తగ్గేలా రెండూ సర్దుకుంటూ పోతాయి.

మోనోడెప్త్2 సెట్టింగులతోనే మొదలుపెట్టండి: రెస్‌నెట్18 ఎన్‌కోడర్, 640×192 బొమ్మ, ఒక్కో విడతకి 12 బొమ్మలు, ఆడమ్ ఆప్టిమైజర్, 15 ఎపోకుల దాకా 0.0001 లెర్నింగ్ రేటు, తర్వాత 5 ఎపోకులు అందులో పదో వంతు. తేడా కొలవడానికి ఎస్‌ఎస్‌ఐఎమ్‌కి (రెండు బొమ్మల ఆకృతి ఎంత పోలి ఉందో చెప్పే కొలత) 0.85, నేరు పిక్సెల్ తేడాకి 0.15 వాటా. ముందు ఫ్రేముతో ఒకసారి, తర్వాతి ఫ్రేముతో ఒకసారి పోల్చి, రెండిట్లో తక్కువ తేడానే లెక్కలోకి తీసుకోవాలి. స్తంభం వెనక దాగిన వస్తువు ఒక ఫ్రేములో కనిపించకపోయినా ఇంకోదాంట్లో కనిపిస్తుంది కాబట్టి ఇది బాగా పనిచేస్తుంది. బానెట్, డాష్‌బోర్డు ప్రతిబింబం ఉన్న మేరని ముందే కత్తిరించండి లేదా మాస్కుతో మూసేయండి.

ఇంతవరకు చేసినా మీటర్లు రావు. ఎందుకో చెప్పడానికి నాకు బొమ్మల కొలువు గుర్తొస్తుంది. కొలువులో ఓ చిన్న ఊరు పేర్చి, చిన్న రోడ్డు మీద బొమ్మ కారుకి చీమంత కెమెరా బిగించి మెల్లగా తోస్తే వచ్చే వీడియోకీ, అదే ఆకారంలో ఉన్న అసలు ఊళ్లో తీసిన వీడియోకీ తేడా ఉండదు. వీడియో ఒక్కటే చూసి అది ఏ ఊరో చెప్పలేం. అందుకే వేగం ఇవ్వాలి. గంటకి 36 కిలోమీటర్లంటే సెకనుకి 10 మీటర్లు. పదో వంతు సెకను ఎడం ఉన్న రెండు ఫ్రేముల మధ్య కారు కదిలింది సరిగ్గా ఒక మీటరు. రెండో నెట్‌వర్క్ ఊహించిన కదలిక పొడవు ఆ మీటరుకి ఎంత దూరంలో ఉందో లాస్‌కి (ట్రైనింగ్‌లో తగ్గించుకుంటూ పోయే తప్పు లెక్కకి) కలపండి. టొయోటా పరిశోధన సంస్థ వాళ్ల ప్యాక్‌నెట్ 2020లో ఈ దారే పట్టింది. దీనికి 0.05 లాంటి చిన్న బరువు చాలు. మూడు నాలుగు ఎపోకుల్లో అంకెలు మీటర్ల వైపు సర్దుకోవడం మీకే కనిపిస్తుంది.

ముందు బండి చోట చిల్లు

మొదటి ట్రైనింగ్ అయ్యాక ఔటర్ మీద తీసిన వీడియో పెట్టి చూడండి. మీ ముందు మీ వేగంతోనే వెళ్తున్న కారు ఉన్న చోట ఓ నల్లటి చిల్లు కనిపించొచ్చు. ఆ కారు అనంత దూరంలో ఉందని నెట్‌వర్క్ అంటోందన్నమాట. ఢీకొట్టే ప్రమాదం ఎక్కువగా ఉన్న వస్తువే మాయమవుతుంది.

చిన్నప్పుడు రాత్రి బస్సు కిటికీలోంచి చూస్తే చందమామ మనతోపాటే వస్తున్నట్టు ఉండేది. చెట్లు, స్తంభాలు వెనక్కి పరిగెత్తేవి, చందమామ మాత్రం కదిలేది కాదు, అంత దూరంలో ఉంది కాబట్టి. నెట్‌వర్క్ నేర్చుకున్న పాఠం కూడా ఇదే: ప్రయాణంలో ఏది కదలదో అది చాలా దూరం. మీ వేగంతోనే వెళ్లే కారు ఫ్రేములో కదలదు, కాబట్టి దానికి అదీ చందమామే. ఎదురుగా వచ్చే బండి విషయంలో తప్పు తిరగబడుతుంది, ఉన్నదాని కంటే దగ్గరగా చెబుతుంది.

మందు మూడు మోతాదుల్లో ఉంది. మొదటిది, రెండు ఫ్రేముల మధ్య అసలు మారని పిక్సెళ్లని లాస్ నుంచి తప్పించడం. మోనోడెప్త్2లో ఇది ఉంది, కానీ సరిపోదు. రెండోది, ఒకసారి ట్రైన్ చేసిన మోడల్‌తో డేటా అంతా చూసి, చిల్లులున్న వరసలు ఏరి పక్కనపెట్టి, మిగతా డేటాతో మొదటి నుంచి మళ్లీ ట్రైన్ చేయడం. చిల్లుని పట్టడం తేలిక: రోడ్డు ఉపరితలానికి బాగా కిందికి పోయినట్టు లెక్క తేలే పిక్సెళ్ల కోసం వెతకండి. మూడోది, నేను ఎక్కువగా నమ్మేది, డెప్త్ ఎనీథింగ్ గురువు చెప్పే వరసని కలపడం. గురువు కదలిక చూసి నేర్చుకున్నది కాదు కాబట్టి దానికి ఈ చిల్లు ఉండదు. గురువు అంకెలని ఒక గుణకం, ఒక కూడికతో మన మోడల్ అంకెలకి సరిపెట్టి, ఆ తర్వాత మిగిలిన తేడాని లాస్‌కి కలపండి. మీటర్లు వేగం నుంచి వస్తాయి, ఆకారం గురువు నుంచి వస్తుంది.

టేపుతో కొలత, ఒక్క డిగ్రీ కథ

పుస్తకాల్లో, పేపర్లలో కనిపించే అంకెలని జాగ్రత్తగా చదవండి. మోనోడెప్త్2 సగటు సాపేక్ష దోషం కిట్టి మీద 0.115, అంటే సగటున పదకొండున్నర శాతం. అయితే ఆ అంకె వేసే ముందు ప్రతి బొమ్మకీ విడిగా, లైడార్ (లేజర్‌తో దూరం కొలిచే పరికరం) కొలతల మధ్యస్థంతో మోడల్ దూరాలని సరిచేస్తారు. మీ రోడ్డు మీద అలా సరిచేసిపెట్టేవాళ్లు ఎవరూ ఉండరు. పైగా లెక్కలోకి వచ్చే పిక్సెళ్లలో ఎక్కువ భాగం దగ్గరి రోడ్డుదే. దూరపు బైకు నాలుగు పిక్సెళ్లు తప్పినా సగటు కదలదు.

కాబట్టి ఆదివారం పొద్దున్నే ఓ ఖాళీ లేఔట్‌కి వెళ్లండి. కెమెరా నుంచి 5, 10, 15, 20, 30, 40 మీటర్ల దగ్గర సుద్దతో గీతలు గీయండి. ప్రతి గీత మీదా ఒక మనిషిని, ఒక బైకుని, ఒక కారుని, కుదిరితే ఒక ఆటోని నిలబెట్టి రికార్డు చేయండి. ప్రతి దూరానికీ విడిగా శాతం దోషం రాయండి, అన్నీ కలిపి సగటు తీయొద్దు.

ఆ తర్వాత అదే కొలతని వెనక సీట్లో ముగ్గుర్ని కూర్చోబెట్టి, డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేసి మళ్లీ చేయండి. అంకెలు మారతాయి. ఇందాక కాగితం మీద రాసుకున్న సూత్రం తీయండి. ఫోకల్ లెంగ్త్ 1000 ఉన్న కెమెరా ఒక్క డిగ్రీ వంగితే బొమ్మ మొత్తం 17.5 పిక్సెళ్లు జరుగుతుంది. వెనక బరువుకి కారు ముక్కు ఒక డిగ్రీ లేచిందనుకోండి. 20 మీటర్ల దగ్గరున్న టైరు అంచు 65 నుంచి 82.5 పిక్సెళ్లకి దిగుతుంది, సూత్రం ప్రకారం 15.8 మీటర్లు. దగ్గరగా చెప్పింది, పర్లేదు.

ఇప్పుడు బ్రేకు తొక్కండి. కారు ముక్కు కిందికి వంగుతుంది, బొమ్మ పైకి జరుగుతుంది. 65 పిక్సెళ్లు 47.5 అవుతాయి, 20 మీటర్లు కాస్తా 27 అవుతాయి. 40 మీటర్ల దగ్గరున్న లారీకైతే 32.5 పిక్సెళ్లు 15కి పడిపోయి, దూరం 87 మీటర్లని వస్తుంది. డ్రైవర్ ప్రమాదం చూసి బ్రేకు తొక్కిన ఆ క్షణంలోనే మన యంత్రం, ఇంకా చాలా దూరం ఉంది, ఫర్వాలేదు అంటుంది. నెట్‌వర్క్ దిగంతరేఖ జరగడాన్ని కొంతవరకు గమనించుకుంటుంది కాబట్టి తప్పు ఇంత పూర్తిగా ఉండదు. కానీ పూర్తిగా సరిదిద్దుకోనూ లేదని డెల్ఫ్ట్ పరిశోధకులే చూపించారు. ఈ పనిలో నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇదొక్కటే.

చేయగలిగినవి రెండు. ట్రైనింగ్‌లో బొమ్మల్ని కెమెరా రెండు డిగ్రీల దాకా పైకీ కిందికీ వంగినట్టు తిప్పి చూపించండి. కెమెరా అక్కడే ఉండి తిరిగితే దూరాలు దాదాపు మారవు కాబట్టి జవాబు అదే ఉంచొచ్చు. దాంతో నెట్‌వర్క్ బొమ్మ కింది అంచుని కాక దిగంతరేఖని ఆధారం చేసుకోవడం నేర్చుకుంటుంది. రెండోది, కెమెరా పక్కనే చవకైన గైరోస్కోప్ చిప్ పెట్టి, కారు వంగిన కోణం చూసి ప్రతి ఫ్రేముకీ కత్తిరించే చట్రాన్ని అన్ని పిక్సెళ్లు జరపండి. రోడ్డు గీతలు కలిసే చోటుతో గైరో లెక్కని అప్పుడప్పుడూ సవరించాలి, లేకపోతే అది మెల్లగా పక్కకి పోతుంది. ఈ రెండూ అయ్యాక బియ్యం బస్తాల పరీక్ష, బ్రేకు పరీక్ష మళ్లీ చేయండి.

బండిలోకి ఎక్కించడం

పైటార్చ్ మోడల్‌ని ఓఎన్‌ఎన్‌ఎక్స్ అనే ఉమ్మడి ఫైలు రూపంలోకి, అక్కడి నుంచి జెట్సన్ లాంటి చిన్న కంప్యూటర్ మీద మోడల్‌ని వేగంగా నడిపే టెన్సర్‌ఆర్‌టీలోకి మార్చుకోవాలి. మోడల్ లోపలి అంకెలని 16 బిట్లకి తగ్గిస్తే దాదాపు ఏమీ పోదు. వేగం కోసం 8 బిట్లకి వెళ్లేవాళ్లు ఒక్క విషయం చూసుకోవాలి.

మోనోడెప్త్2 చివరి పొర దూరాన్ని నేరుగా ఇవ్వదు, సున్నా నుంచి ఒకటి మధ్య ఒక అంకె ఇస్తుంది. 0.1 నుంచి 100 మీటర్ల మేరకి, సున్నా అంటే 100 మీటర్లు. 8 బిట్లలో మొత్తం 256 మెట్లే ఉంటాయి. సున్నా తర్వాతి మెట్టు దగ్గర దూరం లెక్కవేస్తే 20.3 మీటర్లు వస్తుంది, ఆ తర్వాతి మెట్టుకి 11.3. అంటే 20 మీటర్లకీ 100 మీటర్లకీ మధ్య ఏమీ లేదు! రంగుల బొమ్మలో ఈ తేడా దాదాపు కంటికి ఆనదు. చివరి పొరలని 16 బిట్లలోనే ఉంచండి, మిగతావి 8కి తగ్గించుకోండి.

ఆలస్యం కూడా దూరమే. గంటకి 80 కిలోమీటర్ల వేగంలో 100 మిల్లీసెకండ్లు ఆలస్యమైతే కారు అప్పటికే 2.2 మీటర్లు ముందుకి వెళ్లిపోయింది. కెమెరా ఫ్రేము తీసిన సమయం నుంచి అంకె తెర మీదికి వచ్చే దాకా మొత్తం కొలవండి, మోడల్ నడిచే సమయం ఒక్కటే కాదు.

ముందు బండికి ఒక్క అంకె తీసేటప్పుడు బండ్లని గుర్తించి చుట్టూ పెట్టె గీసే డిటెక్టర్ ఇచ్చిన పెట్టె మొత్తం సగటు తీయకండి. పెట్టె మూలల్లో వెనకాల రోడ్డు, ఆకాశం ఉంటాయి, వెనక అద్దంలోంచి అవతలి దృశ్యం కనిపిస్తుంది. పెట్టె కింది మూడో వంతులో, మధ్య భాగంలో ఉన్న పిక్సెళ్ల మధ్యస్థం తీసుకోండి. దాన్ని కాగితం మీద రాసుకున్న సూత్రంతో పోల్చండి. రెండూ పాతిక శాతానికి మించి విడిపోతే ఆ ఫ్రేముని నమ్మొద్దు. వరసగా నాలుగైదు ఫ్రేముల్లో నిలిచిన అంకెకే హెచ్చరిక మోగాలి, లేకపోతే ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా మోగి, వారంలో డ్రైవర్ దాన్ని ఆపేస్తాడు.

మా పార్కింగ్ గోడ మీద ఒక గుర్తు, నేల మీద 5, 10, 15 మీటర్ల దగ్గర తెల్ల పెయింట్ గీతలు ఉన్నాయి. కారు ముందు అద్దం మార్చినా, టైర్లు మార్చినా, సర్వీసింగ్‌కి వెళ్లొచ్చినా, లోపల తుడిచేటప్పుడు ఎవరి చెయ్యైనా కెమెరాకి తగిలినా, ఆ గీతల మీద ఓ బైకు పెట్టి మూడు అంకెలు చూస్తాం. ఐదు నిమిషాల పని. పోయినసారి 15 మీటర్ల గీత దగ్గర 18 చూపింది. బ్రాకెట్ స్క్రూ ఒకటి ఒక చుట్టు వదులైంది.